పాస్ అవుట్: డిగ్రీ పూర్తయిందా, కళ్ళు తిరిగి పడిపోయారా? తరచుగా అడిగే ప్రశ్నలు

స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పడం మొదలుపెట్టాక నన్ను ఎక్కువమంది అడిగిన ఫ్రేజల్ వర్బ్ (క్రియకి అవుట్, అవే లాంటి చిన్న మాట చేరి కొత్త అర్థమిచ్చేది) ఇదే. మనవాళ్ళు రోజూ వాడతారు, పరాయి దేశంలో విమానం దిగిన వారంలోపే దీనితో ఒకసారి ఇరుక్కుంటారు. మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను.

అసలు "పాస్ అవుట్" అంటే ఏమిటి?

ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవాళ్ళకి ముందుగా తట్టే అర్థం స్పృహ తప్పడం. "హీ పాస్డ్ అవుట్ ఇన్ ద హీట్" అంటే ఎండకి కళ్ళు తిరిగి పడిపోయాడని. మనం సొమ్మసిల్లాడు, తెలివి తప్పాడు, స్పృహ కోల్పోయాడు అంటామే, అదంతా ఈ రెండు మాటల్లో ఇమిడిపోతుంది.

రెండో అర్థం పంచిపెట్టడం. మూడోది సైన్యం, పోలీసు లాంటి చోట్ల శిక్షణ ముగించుకుని బయటికి రావడం. ఇది బ్రిటిష్ వాడుక. నాలుగోది మన దేశపు వాడుక, ఏ చదువైనా పూర్తిచేయడం. పేచీ అంతా ఈ నాలుగోదానితోనే.

"పాస్" తెలుసు, "అవుట్" తెలుసు. రెండూ కలిస్తే స్పృహ తప్పడం ఎలా అయింది?

ఇంగ్లీషు పక్కన పెట్టి ముందు మన భాష చూడండి. "పడిపోయాడు"లో "పో" ఉంది. పడ్డవాడు ఎక్కడికి పోయాడు? ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉన్నాడు. "ఉండిపోయాను" అన్నప్పుడైతే మరీ విడ్డూరం, ఉన్నాను కూడా, పోయాను కూడా! "ఎత్తిపొడిచింది" అంటే ఎవరినీ ఎత్తలేదు, ఎవరినీ పొడవలేదు, ఒక మాట అంది, అంతే. "తిట్టిపోశాడు"లో పోసిందేమీ లేదు. ఈ రెండో క్రియలన్నీ తమ అసలు అర్థం కొంత వదులుకుని మొదటి క్రియకి ఒక రంగు పూస్తున్నాయి. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాడు వీటి దగ్గరే తల పట్టుకుంటాడు. ఇంగ్లీషు ఫ్రేజల్ వర్బుల దగ్గర మన అవస్థా అదే.

ఇంగ్లీషులో "అవుట్" పూసే రంగుల్లో ఒకటి ఆరిపోవడం. దీపం ఆరితే "ద ల్యాంప్ వెంట్ అవుట్", మంట ఆర్పితే "పుట్ అవుట్ ద ఫైర్", ఒక్క గుద్దుతో పడగొడితే "నాక్ అవుట్". లోపల వెలుగుతున్నది లేకుండా పోవడమే వీటన్నిటిలో ఉన్న ఊహ. స్పృహ కూడా అలాగే ఆరుతుంది. మన పెద్దవాళ్ళు దీపం ఆరిందనడానికి నోరు రాక కొండెక్కింది అంటారు కదా. దీపానికీ కొండకీ ఏం సంబంధమని ఇంగ్లీషువాడు అడిగితే మనమేం చెబుతాం?

"పాస్ అవుట్"కి చనిపోవడం అన్న అర్థం 19వ శతాబ్దం చివర్లో ఉండేది. 20వ శతాబ్దం తొలి రోజుల్లో అది పలచబడి స్పృహ తప్పడం దగ్గర ఆగిందని పదచరిత్ర రాసేవాళ్ళు చెబుతారు. చావు నుంచి మూర్ఛకి దిగిందన్నమాట.

మరి మనం "2018 పాసవుట్" అంటాం కదా, అది తప్పా?

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల కింద నిలబడి చూడండి. "2024 పాసవుట్స్ మాత్రమే" అన్న ఉద్యోగ ప్రకటనలు ఫోన్లలో తిరుగుతూనే ఉంటాయి. దరఖాస్తు ఫారాల్లో "ఇయర్ ఆఫ్ పాసింగ్" అని ఒక గడి ఉంటుంది. మనకి పాసవుట్ క్రియ ఒక్కటే కాదు, నామవాచకం కూడా. "వాడు ఏ ఇయర్ పాసవుట్?" "మా పాసవుట్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఉంది." ఇంతమంది, ఇన్నేళ్ళుగా, ఒకే అర్థంలో వాడుతూ ఒకరికొకరు స్పష్టంగా అర్థమవుతున్నప్పుడు దాన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు. అది ఇండియన్ ఇంగ్లీషు. అమెరికావాళ్ళు "ఫాల్" అంటే బ్రిటన్‌లో "ఆటమ్" అన్నట్టే ఇదీ.

ఇది మనకి ఎలా వచ్చిందంటే, బ్రిటిష్ సైన్యంలో శిక్షణ ముగిసినవాళ్ళు పాస్ అవుట్ అవుతారు. ఆ మాట కంటోన్మెంట్ల నుంచి, పోలీసు శిక్షణ కేంద్రాల నుంచి కాలేజీలకి పాకిందని నా అంచనా. పైగా మన భాష ఆ మాటకి దారి వేసింది. "నేను 2010లో కాలేజీ నుంచి బయటికొచ్చాను" అనడం తెలుగులో ఎంత సహజమో చూడండి. పాస్ అవ్వడం, బయటికి రావడం, రెండూ కలిపితే పాస్ అవుట్. మన చెవికి అందులో ఎక్కడా రాయి తగలదు.

తప్పు కానిది అన్నిచోట్లా చెల్లుతుందని మాత్రం అనుకోవద్దు. నేను ఇంగ్లండ్‌లో ఒక ఏడాది ఉన్నాను. మా తమ్ముడి బీటెక్ పూర్తయిందని ఇంటి ఓనరమ్మతో హుషారుగా చెప్పాను: "మా తమ్ముడు పోయిన వారం పాసవుట్ అయ్యాడండీ, ఇంట్లో అందరూ ఒకటే సంబరం." ఆవిడ చేతిలో టీ కప్పు అలాగే పట్టుకుని, "ఏం తాగాడు?" అంది. నాకు అర్థంకాక "లేదండీ, డిస్టింక్షన్" అన్నాను. ఆవిడకి మా కుటుంబం మీద ఏర్పడ్డ అభిప్రాయం తొలగడానికి అరగంట పట్టింది.

పోలీసులు, సైన్యం "పాసింగ్ అవుట్ పరేడ్" అంటారు కదా. అది కూడా ఇండియన్ ఇంగ్లీషేనా?

కాదు, అది నిఖార్సైన బ్రిటిష్ వాడుకే. ఇంగ్లండ్‌లో సైనికులకే కాకుండా పోలీసులకీ, ఫైర్ సర్వీసులో చేరినవాళ్ళకీ పాసింగ్ అవుట్ పరేడ్లు జరుగుతాయి. ఆ సందర్భం తెలిసిన బ్రిటిషు వ్యక్తి "షీ పాస్డ్ అవుట్ ఫ్రమ్ శాండ్‌హర్స్ట్" అన్న మాట వింటే అంబులెన్సుకి ఫోన్ చేయడు. శాండ్‌హర్స్ట్ వాళ్ళ సైనిక అకాడమీ.

మన దేశంలో ఈ సంప్రదాయానికి పెద్ద పేరు డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీది. 1932లో మొదలైన ఆ అకాడమీ మొదటి బ్యాచ్‌లో నలభైమంది క్యాడెట్లు. తర్వాత ఫీల్డ్ మార్షల్ అయిన శామ్ మానెక్‌షా వాళ్ళలో ఒకరు. పరేడ్ చివర క్యాడెట్లు దాటే గీతని "అంతిమ్ పగ్" అంటారు. క్యాడెట్‌గా వేసే చివరి అడుగు అది. ఆ గీత దాటి బయటికి నడవడం చూస్తే పాస్, అవుట్ రెండు మాటలూ అక్షరాలా కళ్ళముందే కనిపిస్తాయి.

హైదరాబాద్‌లోనూ ఉంది. సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ నేషనల్ పోలీస్ అకాడమీ 1948లో మౌంట్ ఆబూలో మొదలై 1975లో హైదరాబాద్‌కి వచ్చింది. అక్కడ ఐపీఎస్ ప్రొబేషనర్ల శిక్షణ ముగింపుని దీక్షాంత్ పరేడ్ అంటారు. మన పేపర్లు ఒకరోజు పాసింగ్ అవుట్ పరేడ్ అని, ఇంకోరోజు దీక్షాంత్ పరేడ్ అని రాస్తుంటాయి. ఇక దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో జరిగేదానికి కంబైన్డ్ గ్రాడ్యుయేషన్ పరేడ్ అని పేరు. అంటే ఒకే ఊళ్ళో, కాలేజీ కుర్రాడు పాసవుట్ అవుతున్నాడు, యుద్ధవిమానం నడిపేవాడు గ్రాడ్యుయేట్ అవుతున్నాడు. తలకిందులు!

ఎండలో గంటలకొద్దీ నిలబడే పరేడ్లో ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోతే, పాస్ అవుట్ కాకముందే పాస్ అవుట్ అయ్యాడన్నమాట. ఈ జోకు సైన్యంలో ఉన్నవాళ్ళకి పాతదే.

విదేశాల్లో చదువు పూర్తయిందని చెప్పడానికి ఏమనాలి?

"ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2018" అంటే చాలు. కాలేజీ పేరు చెప్పాలంటే ముందు "ఫ్రమ్" పెట్టండి: "ఐ గ్రాడ్యుయేటెడ్ ఫ్రమ్ ఉస్మానియా యూనివర్సిటీ." అమెరికాలో కొందరు "ఫ్రమ్" ఎగరగొట్టేస్తారు. మీరు మాత్రం ఉంచుకోండి, ఎవరూ వంక పెట్టరు.

ఇంటర్, టెన్త్ దగ్గర దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో హైస్కూలు పూర్తిచేసినా గ్రాడ్యుయేట్ అయినట్టే. బ్రిటన్‌లో బడి చదువు ముగిస్తే "ఫినిష్డ్ స్కూల్" అనో "లెఫ్ట్ స్కూల్" అనో అంటారు. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మన చెవికి "లెఫ్ట్ స్కూల్" అంటే బడి మానేశాడు అని వినిపిస్తుంది. బ్రిటన్‌లో దానికి ఆ నీచార్థం లేదు.

పరీక్ష ఒక్కటే నెగ్గారని చెప్పాలంటే "అవుట్" అక్కర్లేదు. "ఐ పాస్డ్ ద ఎగ్జామ్." మనవాళ్ళు "ఎగ్జామ్ క్లియర్ చేశాను" కూడా అంటారు. అదీ ఎక్కువగా మన ఉపఖండపు వాడుకే. అయితే అది వింటే ఎవరూ కంగారుపడరు, సందర్భాన్ని బట్టి ఊహించుకుంటారు.

"ఐ వాజ్ పాస్డ్ అవుట్ ఇన్ 2018" అన్నది మాత్రం రెండు విధాలా దెబ్బ. మనం చెప్పాలనుకున్నది రాదు సరికదా, ఆ ఏడాదంతా స్పృహలో లేనన్న అర్థం వస్తుంది.

ఫెయింట్, పాస్ అవుట్, బ్లాకవుట్, కొలాప్స్, ఇవన్నీ ఒకటేనా?

దగ్గరి చుట్టాలు, ఒకటే మాత్రం కాదు. ఫెయింట్ అంటే ఆకలికో, ఎండకో, రక్తం చూసో కళ్ళు తిరిగి కాసేపు స్పృహ తప్పడం. పాస్ అవుట్ అందులోకీ వస్తుంది, తాగి పడిపోవడంలోకీ వస్తుంది, నొప్పికి తట్టుకోలేకపోవడంలోకీ వస్తుంది. కొంచెం మాటల భాష. కొలాప్స్ అంటే కుప్పకూలడం. కుప్పకూలినవాడికి స్పృహ ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

బ్లాకవుట్ దగ్గర జాగ్రత్త కావాలి. స్పృహ తప్పడానికీ వాడతారు. కానీ తాగుడు సందర్భంలో దానికి వేరే అర్థం: మనిషి మెలకువగానే ఉంటాడు, మాట్లాడతాడు, పాటలు కూడా పాడతాడు, తెల్లారాక ఒక్కటీ గుర్తుండదు. పాస్ అవుట్ అయినవాడు కదలడు. ఈ తేడా డాక్టరుకి అవసరం.

డాక్టరు మాట వచ్చింది కనుక మన భాషలో ఉన్న ఒక చిక్కు కూడా చెప్పాలి. తెలుగులో "మూర్ఛ" రెండింటికీ వాడతాం. పాత సినిమాల్లో తల్లి కబురు విని మూర్ఛపోతుంది, అది పాస్ అవుట్ అవడం. "ఆయనకి మూర్ఛ ఉంది" అంటే అది మూర్ఛవ్యాధి, మనం మామూలుగా ఫిట్స్ అంటాం, ఇంగ్లీషులో ఎపిలెప్సీ. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటే "సీజర్" అని చెప్పాలి. మెత్తగా వాలిపోయి కాసేపట్లో తేరుకుంటే పాస్ అవుట్. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలకి నేను ఈ రెండు మాటలూ విడివిడిగా నేర్పిస్తాను. అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేస్తే అవతలివాళ్ళు మొదట అడిగేవాటిలో మెలకువగా ఉన్నారా, ఊపిరి ఆడుతోందా అన్నవి ఉంటాయి. "మై హజ్బెండ్ పాస్డ్ అవుట్" అన్న నాలుగు మాటలు స్పష్టంగా వస్తే సగం పని అయినట్టే.

"ఐ కేమ్ హోమ్ అండ్ పాస్డ్ అవుట్" అని మా కొలీగ్ అన్నాడు. ఆసుపత్రికి వెళ్ళాడా?

లేదు, నిద్రపోయాడు. అలసిపోయి బూట్లైనా విప్పకుండా సోఫాలో పడి ఒళ్ళు తెలియకుండా నిద్రపోవడాన్ని కూడా సరదాగా అలా అంటారు. పసిపిల్లలు ఆడీ ఆడీ అన్నం కంచం ముందే జోగితే కూడా ఇదే మాట. మీరేం కంగారుపడి పరామర్శించనక్కర్లేదు.

పంచిపెట్టడం అన్న అర్థంలో ఎలా వాడాలి?

"ద టీచర్ పాస్డ్ అవుట్ ద పేపర్స్." టీచరు పేపర్లు పంచింది. ఇందులో "పేపర్స్" కర్మ. దాన్ని మధ్యలోకి కూడా జరపొచ్చు: "పాస్డ్ ద పేపర్స్ అవుట్." కానీ "దెమ్" లాంటి సర్వనామం వస్తే అది తప్పకుండా మధ్యలోనే ఉండాలి: "పాస్డ్ దెమ్ అవుట్." "పాస్డ్ అవుట్ దెమ్" అనరు. బ్రిటన్‌లో ఈ సందర్భంలో "హ్యాండ్ అవుట్" ఎక్కువ వినిపిస్తుంది.

స్పృహ తప్పే అర్థంలో కర్మే ఉండదు. అకర్మకం. "ఎండ అతన్ని పాస్ అవుట్ చేసింది" అని మనం తెలుగులో అనగలం గానీ, ఇంగ్లీషులో "ద హీట్ పాస్డ్ హిమ్ అవుట్" కుదరదు. "ద హీట్ మేడ్ హిమ్ పాస్ అవుట్" అనాలి. ఒకే మాట రెండు అర్థాల్లో రెండు రకాల వ్యాకరణం పాటిస్తుంది కాబట్టి, కర్మ ఉందా లేదా చూస్తే చాలు, ఏ అర్థమో తేలిపోతుంది.

ఉచ్చారణ ఎలా?

మనం రెండు ముక్కలుగా "పాస్ డ్ అవుట్" అంటాం. వాళ్ళ నోట "పాస్టౌట్" అని కలిసిపోతుంది. "పాస్డ్"లో చివర వినిపించేది "ట్", "డ్" కాదు. అమెరికావాళ్ళు "ప్యాస్" అంటారు. ఊనిక "అవుట్" మీద పడాలి. మనం "పాస్" మీద ఊని "అవుట్" మింగేస్తే, వినేవాళ్ళకి పరీక్ష పాసైన సంగతి ఏదో చెబుతున్నట్టు అనిపిస్తుంది. ఒక్కోసారి అదే మంచిదవుతుంది లెండి.

"పాస్ అవే" కూడా ఇలాంటిదేనా? మా విద్యార్థులు రెండూ కలిపేస్తున్నారు.

కలపకూడని జంట ఇది. పాస్ అవే అంటే కాలం చేయడం, పరమపదించడం. మనం "చచ్చిపోయారు" అని పెద్దల గురించి అనం, "పోయారు" అంటాం. వాళ్ళ "పాస్ అవే"లోనూ ఆ మర్యాదే ఉంది. తాతగారు పోయారని సెలవు కోసం మెయిల్ రాస్తూ "మై గ్రాండ్‌ఫాదర్ పాస్డ్ అవుట్" అని పెడితే, మేనేజరు సానుభూతి తెలపాల్సింది పోయి త్వరగా కోలుకోవాలని రాస్తాడు. ఇలాంటి జవాబు అందుకున్న విద్యార్థి నా దగ్గరే ఒకడు ఉన్నాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదన్నాడు.

"పాస్ ఆన్"కి రెండూ ఉన్నాయి, చనిపోవడం, ఒక మాటనో వస్తువునో ఇంకొకరికి చేరవేయడం. "పాస్ అప్" అంటే వచ్చిన అవకాశం వదులుకోవడం. "పాస్ ఆఫ్" అంటే గిల్టు నగని బంగారమని అంటగట్టడం లాంటిది. వీటన్నిటినీ వరుసగా బట్టీ పట్టించే పుస్తకాలు చాలా ఉన్నాయి. అలా బట్టీ పడితే పరీక్ష రోజుదాకా గుర్తుంటాయి, అంతే. ఒక్కోదాన్నీ ఒక్కో మనిషికి, ఒక్కో సంఘటనకి ముడివేసుకోవాలని నా సలహా. మా ఓనరమ్మ చేతిలో ఆగిపోయిన టీ కప్పు తలచుకుంటే నాకు పాస్ అవుట్ ఈ జన్మకి మరుపు రాదు.

ఇంకెక్కడైనా వేరే అర్థం ఉందా?

ఐర్లండ్‌లో ముందున్న బండిని దాటుకుని వెళ్ళడాన్ని, అంటే ఓవర్‌టేక్ చేయడాన్ని పాస్ అవుట్ అంటారు. డబ్లిన్‌లో క్యాబ్ డ్రైవరు "పక్క కారుని పాస్ అవుట్ చేశాను" అంటే బెదరొద్దు. కాబట్టి మనది ఒక్కటే వేరుదారి అనుకోనక్కర్లేదు.

ఐఎల్‌టీఎస్ (విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష) స్పీకింగ్‌లో వాడితే మార్కులు పోతాయా?

ఒక్క మాటకి మార్కులు కోయరు. కానీ "టెల్ మీ అబౌట్ యువర్ స్టడీస్" అన్న మొదటి ప్రశ్నకే పాస్ అవుట్ అని మొదలుపెట్టడం ఎందుకు? పదాల ఎంపికని కూడా అక్కడ తూకం వేస్తారు. గ్రాడ్యుయేట్ అనండి. పాస్ అవుట్ మీద మరీ మనసుంటే, "మా వీధి తీర్థంలో ఎండకి ఒకాయన పాస్ అవుట్ అయ్యాడు" అన్న కథ చెప్పే చోట వాడండి. అక్కడ అది నిండుగా ఉంటుంది.

"పాస్డ్ అవుట్ ఇన్ 2021" అని రాసిన రెజ్యూమే ఇప్పటికే పంపేశాను. ఇప్పుడేం చేయాలి?

మన దేశంలోని కంపెనీకి పంపితే ఏమీ చేయక్కర్లేదు. వాళ్ళ ప్రకటనలోనే ఆ మాట ఉండి ఉంటుంది. బయటి దేశానికి పంపి ఉంటే కూడా క్షమాపణ మెయిల్ రాసి లేని సంగతి గుర్తుచేయొద్దు. మన రెజ్యూమేలు చూసి చూసి అక్కడి రిక్రూటర్లలో చాలామందికి ఈ మాట అలవాటైపోయింది. తర్వాత పంపేదాంట్లో "గ్రాడ్యుయేటెడ్" అని మార్చండి. ఆ పని మీదే ఉన్నారు కాబట్టి, లింక్డ్‌ఇన్ ప్రొఫైల్లో కూడా ఒకసారి వెతకండి. చాలామంది రెజ్యూమేలో దిద్ది అక్కడ మరచిపోతారు.